కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) ఒక్కరోజు ట్రిప్: పాడుబడ్డ గనుల ఊరు చూడాలంటే ఎలా?

#1 చక్రాల_చంటి
అందరికీ హాయ్. నాది తెనాలి, జాబ్ బెంగళూర్లో, మారతహళ్లిలో ఉంటా. శనాదివారాలు వస్తే కారేసుకుని ఏదో ఒక దిక్కుకి పోవడం అలవాటు, నంది హిల్స్, లేపాక్షి, గండికోట అన్నీ అయిపోయినయ్. ఇప్పుడు కేజీఎఫ్ మీద పడింది మనసు. సినిమా చూసినప్పట్నుంచి ఉంది గానీ మొన్న యూట్యూబ్‌లో ఎవడో "దెయ్యాల ఊరు, మనిషన్నవాడు కనపడడు" అని వీడియో పెట్టాడు, అది చూశాక ఆగబుద్ధి కావట్లా. డౌట్స్: డ్రోన్ ఎగరేయనిస్తారా, గనిలోకి కొంచెమన్నా దిగనిస్తారా, సైనైడ్ గుట్టలు (బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి పోసిన దిబ్బలు) ఎక్కొచ్చా, రాత్రికి ఉండటానికి ఏమన్నా ఉంటదా లేక టెంట్ వేసుకోవాలా. తిండి, నీళ్లు ఎన్ని పట్టుకెళ్లాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

#2 రోడ్డు_పురాణం
రూట్ ఒక్కటే నేను చెప్పగలను. మీకు హోస్కోటె దగ్గరే కాబట్టి అక్కడ్నుంచి కొత్త చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే బేతమంగళ దాకా తెరిచారు, అక్కడ దిగితే కేజీఎఫ్ పక్కనే. పాత దారిలో పోవాలంటే కోలార్, బంగారుపేట మీదుగా. సుమారు 100 కిలోమీటర్లు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి పలమనేరు, వి.కోట మీదుగా దగ్గర. టెంట్ అన్నారు చూడండి, అది చదివి కాసేపు నవ్వుకున్నా బ్రదర్, ఏమనుకోకండి.

#3 వీకోటోడు
ఎవురప్పా చెప్పింది మనిషి కనపడడని? ఆ వీడియో తీసినోడు రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో సాయంకాలం ఒక్కసారి నడిచుంటే కదా. కాలు పెట్టే దానికి సందుండదు. టెంటంట. లాడ్జీలుండాయి, హోటళ్లుండాయి, బిర్యానీ ఉంది, నీళ్ల బాటిలు కూడా అమ్ముతారు.

నాది వి.కోట. మా నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో ఇరవై రెండేండ్లు అండర్‌గ్రౌండ్ పనిజేసినాడు. నేను పుట్టిందే ఆడ, బీజీఎంఎల్ (గని కంపెనీ, భారత్ గోల్డ్ మైన్స్) ఆస్పత్రిలో. కాబట్టి కొంచెం కోపంగా రాస్తావుండా, తప్పుగా అనుకోవద్దు.

ముందు ఒకటి అర్థం జేసుకో చంటీ. 2001 ఫిబ్రవరి 28న మూసింది గనిని. ఊరిని కాదు. గని మూసినాక లక్ష మందికి పైన జనం యాడికి పోతారు? ఉండే ఇండ్లలోనే ఉండారు. కంపెనీ ఇచ్చిన లైన్ ఇండ్లు, అంటే వరసగా ఒకదానికొకటి అంటుకోనుండే చిన్న చిన్న కొంపలు, వాటిలోనే మూడు తరాలు. అరవం మాట్లాడే వాళ్లే జాస్తి, ఆర్కాట్ పక్కనించి కూలికి తెచ్చినారు గదా తెల్లోళ్లు, మన తెలుగోళ్లూ శానామంది, మా చిత్తూరు పక్కనించి పోయినోళ్లు. ఈడ ఒక్కొక్కడు నాలుగు భాషలు మాట్లాడతాడు, తిట్టేది మాత్రం అరవంలో.

డ్రోన్ తీసకపోవద్దు, గార్డులు పట్టుకుంటే నేనేం జెయ్యలేను. గనిలోకి దిగేది కుదర్దు, పంపులు ఆపేసినాక లోపలంతా నీళ్లు నిండిపోయినాయి, షాఫ్టులు, అంటే కిందికి దిగే నిలువు గోతులు, మూసేసుండారు. ఎవుడో డబ్బులిస్తే చూపిస్తానంటాడు, వాని యెనకాల పోతివా, నువ్వొస్తావో రావో నీకే తెలీదు.

ఇంగోటి. ఆదివారం పోతే సగమే కనపడతాది. కుదిరితే ఆదివారం రాత్రి ఉండి సోమవారం తెల్లారకముందే మారికుప్పం స్టేషన్‌కి పో. ఏం చూడాలో నేను చెప్పను, నువ్వే చూడు.

#4 చక్రాల_చంటి
అన్నా సారీ, నిజంగా తెలీక అడిగా. హెడ్డింగ్ మార్చమంటే మారుస్తా. సోమవారం లీవ్ పెడతా.

#5 వీకోటోడు
ఉండనీ లే, మారిస్తే ఇంగొకడు అదే అడగతాడు.

#6 సియాటిల్_సుబ్బలక్ష్మి
చంటి గారూ, మీరనుకున్న టైపు ఊరు నిజంగా చూడాలంటే కాలిఫోర్నియాలో బోడీ అని పాత బంగారు గనుల ఊరు ఉంది, మేము పోయిన సమ్మర్లో పిల్లలతో వెళ్లాం. అదైతే నిజంగానే మనిషి లేడు. 1880 ప్రాంతంలో దాదాపు పదివేల మంది ఉండేవారట, ఇప్పుడు రేంజర్లు తప్ప ఎవరూ లేరు. 1962లో స్టేట్ పార్క్ చేశారు. చివరి మూడు మైళ్లు మట్టి రోడ్డు, ఎనిమిది వేల అడుగుల పైన ఎత్తు, మా చిన్నదానికి తలనొప్పి వచ్చింది. వంద పైచిలుకు చెక్క ఇళ్లు మిగిలాయి, వాటిని బాగుచెయ్యరు, అలాగని పడిపోనివ్వరు, ఎలా ఉన్నవి అలా నిలబెడతారు అంతే. కిటికీలోంచి చూస్తే దుకాణంలో డబ్బాలు ఇప్పటికీ అరల్లో ఉన్నాయి, దుమ్ము పట్టి. అక్కడ్నుంచి మేకు తీసుకెళ్లినా అరిష్టం అని ఒక నమ్మకం, తీసుకెళ్లినవాళ్లు భయపడి ఉత్తరం రాసి పోస్టులో వెనక్కి పంపిస్తారట. మావాడు జేబులో గులకరాయి వేసుకుంటే నేనే తీసి పారేయించా, ఎందుకొచ్చిన గొడవ.

కానీ వీకోటోడు గారు రాసింది చదివాక ఆలోచిస్తున్నా, బోడీలో మాకు అంత "బాగా" అనిపించిందంటే అక్కడ అడిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టే కదా.

#7 బాయిదోస్త్_ఇల్లందు
మంచి ముచ్చట నడుస్తుంది. మాది ఇల్లందు, సింగరేణి పుట్టిందే మా ఊర్ల. 1871ల విలియం కింగ్ అనే దొర బొగ్గు ఉందని కనిపెట్టిండు, 1889ల తవ్వుడు షురువైంది. బొగ్గుట్ట అంటరు మా ఊరిని. మా నాయిన బాయిల (బొగ్గు గనిల) పనికి పోయేటోడు, మొదటి షిఫ్టు ఉంటే చీకట్లనే లేచి చెంబెడు చాయ తాగి పోవుడు. ఇప్పుడు అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటి మూసుకుంట వస్తున్నరు, అంత పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టే. బెల్లంపల్లి పోయి చూడుర్రి, ఒకప్పుడు జీతాల రోజు బజార్ల జాతర లెక్క ఉండె.

బాయి మూసిన ఊరు ఒక్కసారే సావదు. ముందుగాల సినిమా టాకీసు పోతది. తర్వాత మిఠాయి దుకాణం. ఆ తర్వాత బడిల సెక్షన్లు తగ్గుతయి, ఎ, బి, సి ఉన్నకాడ ఒక్క ఎ మిగులుతది. దవాఖాన ఆఖరికి.

వీకోట అన్నా, మీకాడ దవాఖాన నడుస్తుందా?

#8 వీకోటోడు
లేదన్నా. నేను పుట్టిన ఆస్పత్రి మూసేసినారు. నువ్వు చెప్పిన వరస తప్పు, మాకాడ ఆస్పత్రే ముందు పోయింది, టాకీసులు తరవాత పోయినాయి.

#9 ఫిజిక్స్_మాస్టారు
రిటైర్డ్ లెక్చరర్ని, పాఠం చెప్పినట్టుంటే భరించండి. కేజీఎఫ్ అంటే అందరూ బంగారం అంటారు, మాకు మాత్రం న్యూట్రినో, అంటే దేన్నైనా దూసుకుపోయే అతి చిన్న కణం. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వాళ్లు, జపాన్ ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండు డరమ్ యూనివర్సిటీ కలిసి ఛాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున డిటెక్టర్లు పెట్టారు. ఎందుకంత లోతు? పైనుంచి అంతరిక్షం నుంచి పడే కాస్మిక్ కిరణాల వల్ల వచ్చే మ్యూయాన్లనే కణాలు ఎడాపెడా కురుస్తుంటాయి, ఆ గోలలో న్యూట్రినో చప్పుడు వినపడదు. రెండు కిలోమీటర్ల పైన రాయి అడ్డం పెట్టుకుంటే దాదాపు అన్నీ ఆగిపోతాయి, న్యూట్రినో ఒక్కటే దేన్నీ లెక్కచెయ్యకుండా దూసుకొస్తుంది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల ఆనవాలు 1965లో ఇక్కడ పట్టుకున్నారు, అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో టీమూ పట్టుకుంది. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంటన్ వంటి పెద్దలు పనిచేసిన చోటు. ఆ తర్వాత ప్రోటాన్ క్షీణిస్తుందా లేదా అనే ప్రయోగం కూడా ఇక్కడే చేశారు.

నా క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి, మన పక్కనే కుప్పం దాటితే జరిగిందిరా ఇది అని. పిల్లలు నమ్మినట్టు తలూపేవాళ్లు.

ఇంకో సంగతి, కరెంటు. 1902లో కావేరి మీద శివసముద్రం దగ్గర జలవిద్యుత్తు తయారుచేసి 147 కిలోమీటర్లు తీగలు లాగింది బెంగళూరుకి కాదు, కేజీఎఫ్ గనులకి. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగింది 1905లో.

#10 నిజం_మాట్లాడతా
ఇదంతా ఓకే గానీ అసలు ఎందుకు మూశారో ఎవరూ మాట్లాడరేం? లోపల ఇంకా టన్నుల కొద్దీ బంగారం ఉంది, అది ఎవరికో అప్పజెప్పడానికి కావాలనే నష్టాలు చూపించారు. అందరికీ తెలిసిన రహస్యమే.

#11 లెక్కల_చిట్టా
అందరికీ తెలిసిన రహస్యాల్లో ఎప్పుడూ లెక్క ఉండదేంటో. చూడండి సార్, 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ వాళ్లు మొదలుపెట్టినప్పుడు టన్ను రాయి పిండి చేస్తే 40 గ్రాముల పైన బంగారం పడ్డ రోజులున్నాయి. ఆఖరికొచ్చేసరికి 3, 4 గ్రాములు. మరి ఆ టన్ను రాయి తెచ్చేది ఎక్కడ్నుంచి? మూడు కిలోమీటర్ల లోతు నుంచి, ప్రపంచంలోనే బాగా లోతైన గనుల్లో ఒకటి అది. అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది, పైనుంచి చల్లగాలి పంపాలి, నీళ్లు తోడాలి, కప్పు కూలకుండా ఆపాలి, మనిషి పనిచేసే చోటికి చేరడానికే షిఫ్టులో బోలెడు టైము పోద్ది. అప్పట్లో పది గ్రాముల ధర నాలుగు వేల చిల్లర. గ్రాము తియ్యడానికి గ్రాము ఖరీదు కంటే ఎక్కువ ఖర్చవుతుంటే ఎన్నాళ్లు నడుస్తది? మైసూరు ప్రభుత్వం 1956లో తీసుకుంది, తర్వాత కేంద్రం కిందకి పోయింది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయింది. అన్నేళ్లూ లాక్కొచ్చారు. మొత్తమ్మీద 800 టన్నుల పైన తీశారు ఆ నేల నుంచి.

బంగారం ఉందనే మాట అబద్ధం కాదు. లోపల సంగతి అటుంచండి, బయట గుట్టల్లోనే ఉంది. 13 గుట్టలు, 3 కోట్ల టన్నుల పైన పిండి, టన్నుకి గ్రాము లోపే అనుకున్నా లెక్కేసుకోండి. 2024లో కర్ణాటక కేబినెట్ వాటిని మళ్లీ జల్లెడ పట్టడానికి ఒప్పుకుంది కూడా. ఇప్పుడు ధర పెరిగింది కాబట్టి గిట్టుబాటు. కుట్ర కాదు, ధర.

#12 నిజం_మాట్లాడతా
అంటే మూసినప్పుడు ధర తక్కువ, మనుషుల్ని పంపేశాక ధర ఎక్కువ. అర్థమైంది లెండి.

#13 వీకోటోడు
ఈయన మాటలో కుట్ర తీసేస్తే మిగిలింది మాత్రం నిజమేనప్పా. మా నాయన కూడా అదే అంటాడు.

#14 అడ్మిన్_గోపి
రాజకీయాలు వద్దు, పార్టీల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. ట్రిప్ గురించి మాట్లాడుకుందాం.

#15 గుడుపల్లె_గోపన్న
మా ఊరి సంగతీ రాయండి ఎవరన్నా, కేజీఎఫ్ అంటానే కర్ణాటక అనుకుంటారు, బంగారముండే అదే రాతి పట్టీ మా కుప్పం పక్కకీ వస్తాది. చిగురుగుంట, బిసానత్తం గనులు మా మండలంలోవే, బీజీఎంఎల్ వాళ్లవే, అవీ 2001లోనే మూతపడినాయి. మా ఊరోళ్లు ఇన్నేండ్లుగా ఎదురు చూస్తానే వుండారు, ఇదో తెరస్తారు అదో తెరస్తారని. యెలక్షన్ ముందర ఒగసారి తెరుస్తారు, అయిపోతానే మూసేస్తారు.

#16 ధర్మవరం_జరీ
మా రామగిరి కూడా. ఎప్పమాన బంగారు గని, 2001లోనే పోయింది. అక్కడికీ వెళ్లండి చంటి గారూ, ఎవరూ వీడియోలు తియ్యరు పాపం.

#17 చక్రాల_చంటి
పోయొచ్చా. పెద్ద పోస్ట్, ఓపికున్నవాళ్లు చదవండి.

ఆదివారం పొద్దున బయల్దేరి పదికల్లా చేరా. ముందు అనుకున్నట్టు గని చూడాలని ఛాంపియన్ రీఫ్ వైపు పోయా. దూరం నుంచే షాఫ్ట్ మీద ఇనప టవర్ కనపడుద్ది, పైన పెద్ద చక్రం, దాని మీంచే తాడు వేసి పంజరం లాంటి లిఫ్ట్ దించేవాళ్లంట. చక్రం మొత్తం తుప్పు, అయినా అలాగే నిలబడుంది. దగ్గరికి పోబోతుంటే గార్డు ఆపాడు, పెద్దాయన, కన్నడంలో ఏదో అన్నాడు, నాకు వచ్చిన కన్నడం "గొత్తిల్ల" ఒక్కటే, అది అన్నా. ఆయన నవ్వి తెలుగులోకి మారాడు. లోపలికి వద్దు సార్ గానీ అదిగో ఆ మలుపు దగ్గర నిలబడితే టవర్ మొత్తం ఫ్రేములో పడుద్ది, అందరూ అక్కడ్నుంచే తీస్తారు అని చూపించాడు. నిజంగానే మంచి ఫొటో వచ్చింది. డ్రోన్ కార్లోంచి తియ్యలేదు, వీకోట అన్నకి మాటిచ్చా కదా.

తర్వాత సైనైడ్ గుట్ట. ఫొటోల్లో చూసి ఇసక దిబ్బ అనుకున్నా, ఇసక కాదు అది. చేత్తో పట్టుకుంటే టాల్కం పౌడర్‌లా ఉంది, వేళ్ల మధ్య నలిపితే గరుకు అసలు తెలీదు. రాయిని అంత మెత్తగా పిండి కొట్టి, సైనైడ్ నీళ్లలో కలిపి బంగారం లాగేసి, మిగిలింది నూరేళ్ల పాటు ఇక్కడ పోశారు. తెలుపూ పసుపూ బూడిదా కలిసిన రంగు, వానలకి కోసుకుపోయి నిలువునా గాడులు పడ్డయ్, కొన్ని గాడులు నాకంటే ఎత్తు. ఎక్కుదామని పది అడుగులేశా, కింద జారింది, దిగొచ్చేశా. పక్కనే ఇళ్లు ఉన్నయ్. గుట్టకీ ఇంటి గోడకీ మధ్య ఒక రోడ్డు అంతే. ఒకావిడ బట్టలు ఆరేస్తూ, గాలి రోజుల్లో అయితే ఇంత ధైర్యంగా బట్టలు బయట వెయ్యం బాబూ అంది, అన్నంలో కూడా పడుద్దంట. నా షూ కుట్ల సందుల్లో ఆ పిండి ఇంకా ఉంది, వారమైంది, రెండుసార్లు కడిగా.

మధ్యాహ్నం ఎండలో కమ్మసంద్ర కోటిలింగేశ్వర గుడి చూశా, దగ్గరే, 108 అడుగుల లింగం, జనం విపరీతం. దాని గురించి వేరే థ్రెడ్లు చాలా ఉన్నయ్, వదిలేస్తున్నా.

సాయంత్రం అసలు విషయం. వీకోట అన్న వాళ్ల మేనమామ ఇప్పటికీ లైన్ ఇంట్లోనే ఉంటాడు, అన్న ఫోన్ చేసి చెప్పాడు. గల్లీ గల్లీ తిరిగా, ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, గోడ మీద నంబరు ఒక్కటే గుర్తు. గుమ్మం పొట్టిది, తల కొట్టుకున్నా. లోపల గది ఒకటి, వెనకాల వీళ్లు కట్టుకున్న రేకుల వంటిల్లు. మామకి చెవులు సరిగ్గా వినపడవు, డ్రిల్లింగ్ మిషన్ పుణ్యం. నేను అరిచి అడగడం, ఆయన అరిచి చెప్పడం, పక్కింటోళ్లు గుమ్మంలో నిలబడి తప్పులు దిద్దడం.

ఏం చెప్పాడంటే, పొద్దున పోగానే ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక బోర్డు మీద ఎవరి బిళ్లన్నా మిగిలిందా, వాడు ఇంకా కిందే ఉన్నాడు. ఆయన బిళ్ల నా చేతిలో పెట్టాడు, రూపాయి బిళ్ల కంటే పెద్దది, నంబరు సగం అరిగిపోయింది, మధ్యలో బెజ్జం. పంజరం దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు వేసేవంట, కొత్తోళ్లకి కళ్లు తిరిగేవంట. కింద ఒంటి మీద లంగోటి తప్ప ఏదీ ఉండనిచ్చేవాళ్లం కాదు, బూటు విప్పి వంచితే చెమట ధారగా పడేది అన్నాడు. లోతులో ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పగిలే సంగతి అడిగా, చప్పుడు ముందు రాదు బాబూ, నేల ముందు కదులుద్ది, చప్పుడు తర్వాత వస్తది అన్నాడు. అది వస్తే పైన ఊళ్లో గిన్నెలు కూడా అలమార్లోంచి పడేవంట, ఆడాళ్లు పరిగెత్తి షాఫ్ట్ దగ్గరికి పోయి బిళ్లల బోర్డు చూసేవాళ్లంట. ఇది చెప్పింది మామ కాదు, అత్త. అప్పటిదాకా వంటింట్లోనే ఉంది, ఈ మాట దగ్గర బయటికొచ్చి చెప్పి మళ్లీ లోపలికెళ్లిపోయింది.

మామ కొడుకు బెంగళూర్లో ఐటీ పార్క్‌లో ఏసీలు చూసుకునే పని. కిందటేడు వాళ్ల ఫ్లాట్‌కి తీసుకెళ్తే పార్కింగ్ రెండంతస్తులు భూమి కింద ఉందంట. మామ అది చెప్పి నవ్వడం మొదలెట్టాడు, "రెండు లెవెళ్లకే బటన్ నొక్కాలంటరా, మేము వంద లెవెళ్లు దిగినోళ్లం" అని. దగ్గు వచ్చిందాకా నవ్వాడు. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. రాళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయిందట, సిలికోసిస్. నీళ్లిచ్చి వీపు రాసింది అత్త, ఎవరూ దాని గురించి మాట్లాడలా.

రాత్రి రాబర్ట్‌సన్‌పేటలో లాడ్జి. గీజరు పనిచెయ్యదు, దోమలు ఫ్రీ.

సోమవారం తెల్లారకముందే మారికుప్పం స్టేషన్. అన్నా, మీరెందుకు ముందే చెప్పలేదో అర్థమైంది. ఆ చీకట్లో వీధి వీధి నుంచి జనం నడిచొస్తున్నారు, ఎవరి చేతిలో చూసినా క్యారియర్. ఆడపిల్లలు తడి జడలతో, మగాళ్లు ఐడీ కార్డు మెళ్లో వేసుకుని, సెక్యూరిటీ యూనిఫాం వాళ్లు, నర్సులు, కాలేజీ పిల్లలు. బండి ఇక్కడ్నుంచే బయల్దేరుద్ది కాబట్టి సీటు కోసం ముందే వస్తారంట. నేనూ ఎక్కా, కార్ లాడ్జి దగ్గరే వదిలేసి. ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్, ఒక్కో స్టేషన్లో ఎక్కుతూనే ఉన్నారు, బంగారుపేట వచ్చేసరికి తలుపు దగ్గర వేలాడుతున్నారు. ఊరిగాం నుంచి నలుగురు పేకాట మొదలుపెట్టారు, బ్రీఫ్‌కేసు అడ్డం పెట్టి. వాళ్లలో ఒకాయన 18 ఏళ్ల నుంచి రోజూ ఇదే బండి. ఎక్కడ దిగుతారు సార్ అంటే వైట్‌ఫీల్డ్ అన్నాడు. మా ఆఫీసు గేటు దగ్గర నాకు రోజూ సలాం కొట్టే సెక్యూరిటీ ఆయన కూడా కోలార్ పక్కనే అని చెప్పాడు ఎప్పుడో, ఏ ఊరని నేనెప్పుడూ అడగలా.

నేను బంగారుపేటలో దిగి తిరుగు బండి పట్టుకుని వచ్చేశా. వాళ్లు రాత్రికి వస్తారు.

#18 సియాటిల్_సుబ్బలక్ష్మి
అత్త గారి మాట దగ్గర ఆగిపోయాను.

#19 బాయిదోస్త్_ఇల్లందు
బిళ్ల ముచ్చట మాకాడ కూడ ఉంటది. మా నాయినది ఇంక మా ఇంట్లనే ఉంది, దేవుని గూట్ల.

#20 ఫిజిక్స్_మాస్టారు
చంటీ, ఆ మామగారిని అడగవలసింది, ఫిజిక్స్ వాళ్లు కింద పనిచేసినప్పుడు చూశాడేమో. డిటెక్టర్ల ఇనుమంతా ముక్కలు ముక్కలుగా పంజరంలోనే దించాలి కదా, మరి ఆ పని చేసింది ఎవరు? పేపర్లలో ఆ పేర్లు ఉండవు.

#21 వీకోటోడు
మాస్టారూ, నేనడిగినాను నిన్న. "పొడుగు జుట్టు వాళ్లు, ఇనుప కడ్డీల కాడ కూచోని రాసుకుంటా వుండ్రి, టీ అడిగేవాళ్లు" అంట. ఏం చేస్తావుండారని అడగలేదా మామా అంటే, అడిగినాం, ఏదో ఆకాశం నుంచి వచ్చేదాని కోసం అన్నారు, ఆకాశం నుంచి వచ్చేదానికి ఈడికెందుకు దిగినార్రా అని మేమంతా నవ్వుకుంటిమి అన్నాడు.

చంటీ, శానా బాగా రాసినావప్పా. నీళ్ల సంగతొక్కటి ఇడిచేసినావు. బేతమంగళ చెరువు నీళ్లే గనికీ ఊరికీ, పాలారు నీళ్లు. ఆ యేరు తర్వాత మా వి.కోట పక్కకి వస్తాది. వస్తాది అంటే, రావాల. చిన్నప్పుడు మా నాయనతో గొడవ పెట్టుకునేవాణ్ణి, మీ కంపెనీ మా నీళ్లు తాగేసిందని.

#22 ఊటీ_రిటర్న్
ఫ్రెండ్స్ రేపు సండే కేజీఎఫ్ ప్లాన్, ఆరుగురం. డ్రోన్ ఓకేనా? గని లోపలికి ఎంట్రీ టికెట్ ఎంత? అక్కడ తినడానికి ఏమైనా దొరుకుద్దా లేక ప్యాక్ చేసుకోవాలా?

#23 వీకోటోడు
చంటీ, నువ్వే చెప్పప్పా. నాకు చేతకాదు.

#24 చక్రాల_చంటి
ఊటీ బ్రో, మొదటి పోస్ట్ నుంచి చదవండి, నేను అడిగిన బుద్ధి తక్కువ ప్రశ్నలే అన్నీ. డ్రోన్ ఇంట్లో పెట్టండి. తిండికి లోటు లేదు. సండేకి బదులు మండే లీవ్ దొరుకుద్దేమో చూడండి.

వీకోట అన్నా, మామ ఫొటో ప్రింట్ తీయించి పంపా కదా, నిన్న ఫోన్ చేశాడు. లుంగీతో ఎందుకు తీశావు, ప్యాంటు వేసుకునేవాణ్ణి కదా అని కేకలేశాడు. ఒప్పుకుని వచ్చే నెల రెండో శనివారం మళ్లీ పోతున్నా, ఈసారి ప్యాంటుతో, టవర్ కనపడే ఆ మలుపు దగ్గర. బండిలో రెండు సీట్లు ఖాళీ, వచ్చేవాళ్లు మెసేజ్ పెట్టండి. మాస్టారూ, మీకు ముందు సీటు.